నాలుగో మంచం ఎదుట సంపెంగ

జనవరి 4

డిపోలో మా గది మూసేటప్పుడు వాడని రిజిస్టర్లు మూడు ఇంటికి తెచ్చుకున్నాను. ఇది మొదటిది. పంతొమ్మిదేళ్ళు బస్సుల వేళల పట్టికలు వేసిన చేతికి గళ్ళు లేని కాగితం మీద రాయడం రాదు. ఇకమీదట ఆ పట్టికలు యంత్రం వేస్తుందట. వేసుకోనీ. సాయంత్రం వంతెన దగ్గర పడే పదకొండు నిమిషాల ఆలస్యం సంగతి దానికి ఎవరు చెబుతారో నేనూ చూస్తాను.

ఇంట్లో నేను తప్ప అందరికీ పని ఉంది. అందరూ అంటే ఇద్దరే. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు, నెలల తరబడి పడుకోవాల్సిన వాళ్ళ వార్డులో. మా అత్తయ్య అదే ఆస్పత్రి తోటకి పెద్ద మాలి. ఇల్లు అత్తయ్యది. ఎవరూ ఏమీ అనరు, కానీ అననిది కూడా నాకు వినపడుతోంది ఈ మధ్య.

ఇవాళ అన్నం తింటుంటే అత్తయ్య అన్నారు, "బాబూ, నీకు గళ్ళు గీయడం వచ్చు కదా?"

విషయం ఇది. ఆగస్టు ఆఖరికి ఆవిడ ఉద్యోగం అయిపోతుంది. తరవాత తోట కాంట్రాక్టు వాళ్ళది. పెద్ద డాక్టరుగారు పిలిచి చెప్పారట, "నెలనెలా ఏ పని చెయ్యాలో రాసివ్వండి. కాగితం మీద ఉన్నదే వాళ్ళు చేస్తారు. కాగితం లేకపోతే అంతా గడ్డి పరిపించేస్తాం, దానికైతే ఆలోచన అక్కర్లేదు" అని.

ముప్ఫై ఒక్క ఏళ్ళ తోట. అత్తయ్య గడ్డి అనే మాట అన్నప్పుడు చేతిలో ముద్ద పళ్ళెంలోనే పెట్టేశారు. రాసిస్తానన్నాను. పన్నెండు గళ్ళు, ఎంతసేపు?

జనవరి 9

"జనవరిలో ఏం చేస్తారు అత్తయ్యా?"

"చూస్తాను."

"చూసి?"

"అప్పుడు ఏది చెయ్యాలో అది చేస్తాను."

"పోనీ ఫిబ్రవరిలో?"

"అప్పుడూ చూస్తాను."

ఇలా డిసెంబరు దాకా వెళ్ళాం. పన్నెండు గళ్ళలోనూ 'చూడాలి' అని రాసిస్తే పెద్ద డాక్టరుగారు మొదట నాకే మందు రాస్తారు. కొంచెం గొంతు పెంచాను. ఆవిడ పెంచలేదు. "ఇది జనవరి అని మొక్కకి ఎవరు చెప్పారు బాబూ? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని లేచి వెళ్ళిపోయారు.

వెళ్ళిపోతూ దారిలో ఉన్న కుండీలన్నిటినీ వేలి కణుపుతో టకటకా కొట్టుకుంటూ వెళ్ళారు. మోగిన దానికి నీళ్ళు పోశారు, మూగగా ఉన్నదాన్ని వదిలేశారు. కోపంలో కూడా ఒక్క కుండీ తప్పలేదు. ఆ సంగతి ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు గానీ నిజం నిజమే.

జనవరి 17

ఇవాళ చూసింది రాయకపోతే నిద్ర పట్టదు.

మధ్యాహ్నం మా ఆవిడకి అన్నం పట్టుకెళ్ళాను. వార్డులో పద్నాలుగు మంచాలు వరసగా, ఒక్కో మంచానికి ఒక్కో కిటికీ, కిటికీలన్నీ తోటలోకి. తొమ్మిదో మంచం ఖాళీ అయింది పొద్దున్నే. దాని మీద అత్తయ్య పడుకుని ఉన్నారు. చెప్పులు కింద బుద్ధిగా విడిచి, తల దిండు మీద పెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని! ఏమైందో అని పరుగెత్తాను.

"ష్. అడ్డం తప్పుకోవయ్యా, నువ్వు నా ఎదురుగా నిలబడితే నాకేం కనపడుతుంది?"

ఆవిడ కిటికీలోంచి తోటని చూస్తున్నారు. పడుకున్న మనిషికి ఎంత కనపడుతుందో అంత. కిటికీ గట్టు కింద ఉన్నది ఎంత పూసినా ఆ మంచానికి లేనట్టే. అందుకని ఒక్కో మంచం ఎదుట మడి ఎత్తు ఒక్కోలా ఉంటుంది. ఇన్నేళ్ళూ నేను ఆ ఎగుడుదిగుడు చూసి, పాపం పెద్దావిడ, సమంగా చెయ్యడం రాలేదు అనుకున్నాను. వార్డు తోటకి తూర్పున ఉంది, పొద్దుతిరుగుడు విచ్చాక తూర్పుకే తిరిగి నిలబడుతుంది, కాబట్టి పూలన్నీ వార్డు వైపే మొహం పెడతాయి. అదీ ఆవిడ ఆలోచించి పెట్టిందే.

అది సగమే. మిగతా సగం మా ఆవిడ చెప్పింది, అన్నం తింటూ. కొత్త మనిషి మంచం మీదకి రాగానే అమ్మ వచ్చి "ఎన్ని రోజులు?" అని అడుగుతుందట. మా ఆవిడ జబ్బు పేరు చెప్పదు, అంకె మాత్రం చెబుతుంది. నలభై అంటే నలభై రోజుల్లో పూసేది ఆ కిటికీ ఎదుటికి వస్తుంది. ఆరు నెలలంటే చేమంతి. ఎవరూ తన పువ్వు చూడకుండా ఆ మంచం దిగకూడదు, అంతే ఆవిడ లెక్క.

"ఇంటికి వెళ్ళనివాళ్ళకో?" అన్నాను.

"వాళ్ళకీ అంతే" అన్నారు అత్తయ్య చెప్పులు తొడుక్కుంటూ. "పువ్వు చూసి వెళ్ళాలి. ఎక్కడికి వెళ్ళినా."

జనవరి 18

పన్నెండు గళ్ళూ చింపేశాను. మనుషులు ఏ నెలలో వస్తారో ఏ గడిలో రాయను?

ఫిబ్రవరి 2

ఏడో మంచం మీద ఉన్నది బస్సు డ్రైవరట. వెన్నుపూస దెబ్బతింది. నేనెవరో తెలియగానే తల ఎత్తాడు. "డిపో ముందు ఐదు నిమిషాలు ఖాళీ పెట్టిందీ, సంత దగ్గర ఒక్క నిమిషం కూడా పెట్టనిదీ నువ్వేనా?" నేనే అన్నాను. "లేవనీ నన్ను, నీ సంగతి చెబుతా." ఆ తరవాత నాకు 'టైముల సారు' అని పేరు పెట్టాడు. వార్డంతా అదే పిలుపు.

తన కిటికీ వైపు గడ్డం చూపించాడు. "చేమంతి. అంటే ఆరు నెలలు. డాక్టర్ని అడగడం ఎప్పుడో మానేశాను. మీ అత్తగారు ఏం పెట్టిందో చూస్తే మన టిక్కెట్టు ఎంత దూరానికో తెలిసిపోతుంది."

వీళ్ళందరికీ తెలుసన్నమాట! అత్తయ్యకి మాత్రం ఈ సంగతి తెలియదు. చెబుదామనుకున్నాను. రేపు ఆవిడకి మోకాలి ఆపరేషను, ఇప్పుడు మనసు పాడు చెయ్యడం ఎందుకని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 3

మోకాలి ఆపరేషను అయింది. బాగానే అయింది. ఆరు వారాలు కదలకూడదు. తోట నా చేతిలో పెట్టారు. "కొత్తది ఏదీ చెయ్యకు బాబూ. నీళ్ళు పొయ్యి, చాలు."

ఫిబ్రవరి 6

నీళ్ళు మాత్రమే పోస్తే మనిషికి తృప్తి ఏముంటుంది? నారు కుండీల దగ్గర శుభ్రం చేశాను. ప్రతి కుండీలోనూ పాత తెల్ల బకెట్ల నుంచి కత్తిరించిన ప్లాస్టిక్ ముక్క ఒకటి గుచ్చి ఉంది. మీద ఒక్క అక్షరం లేదు. ఉత్త చెత్త. అరవై మూడు పీకి బాల్చీలో వేశాను. కుండీలు ఎంత నీటుగా కనపడ్డాయో.

తరవాత బాల్చీలో చూస్తే ముక్కల రెండో కొసన, మట్టిలో ఉన్న కొసన, పెన్సిల్ రాత. మొక్క పేరు, మంచం నంబరు.

ఫిబ్రవరి 7

మళ్ళీ గుచ్చేశాను. దాదాపు అన్నీ వాటి చోట్లలోనే పడి ఉంటాయి. నాకు జ్ఞాపకశక్తి బాగానే ఉంది, నాలుగు వందల బస్సు వేళలు నోటికి చెప్పేవాణ్ణి.

ఫిబ్రవరి 8

అత్తయ్యకి చెప్పడానికి సమయం చిక్కలేదు.

ఫిబ్రవరి 13

సమయం చిక్కలేదు.

ఫిబ్రవరి 20

నాలుగో మంచం మీదకి వారం కిందట ఒక లెక్కల టీచరుగారు వచ్చారు. సన్నగా, నిటారుగా, పడుకున్నా నిటారుగానే ఉంటారు. ఒంటరి మనిషి. మా ఆవిడ అంకె చెప్పింది. నాలుగు నెలలు, వానలు పడేదాకా. చెప్పి స్నానానికి వెళ్ళిపోయింది, చాలాసేపు రాలేదు.

అత్తయ్య మంచం మీద నుంచే ఆజ్ఞ ఇచ్చారు. "నాలుగు అని రాసిన కుండీలో పొద్దుతిరుగుడు ఉంటుంది, వచ్చేవాళ్ళకని ముందే వేసి ఉంచాను. జానెడు ఎదిగి ఉండాలి ఈపాటికి. తీసి పాతు." నాలుగు అని రాసిన కుండీ చూశాను. ఒకటే కాడ, వెడల్పు ఆకులు, జానెడు. పాతాను. వేరు కదలకుండా, చుట్టూ పాదు తీసి, నీళ్ళు పోసి, నాకే ముచ్చటేసింది.

ఫిబ్రవరి 27

టీచరుగారు నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు. "అబ్బాయ్, ఆ అంచు అలలా ఉన్న ఆకు సంపెంగది కదూ? మా పుట్టింటి పెరట్లో ఉండేది."

నాకు ఆకు అంటే ఆకే. అవునేమో అన్నాను.

"ఎన్నాళ్ళకి పూస్తుంది?"

ఇది మాత్రం అత్తయ్య ఎప్పుడో అన్న మాట గుర్తుంది. "మూడేళ్ళు పడుతుందండీ" అన్నాను, తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లాడిలా. ఏడో మంచం మీద డ్రైవరు దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

టీచరుగారు తరవాత మా ఆవిడని పిలిచి, కళ్ళు పరీక్ష చేసే డాక్టరు ఎప్పుడొస్తారని అడిగారట. ఈ కళ్ళజోడుతో ఏడాదిగా సరిగ్గా కనపడట్లేదట. ఇంక ఎందుకులే అని మానేశారట ఇన్నాళ్ళూ.

మార్చి 1

మా ఆవిడ ఇంటికి రాగానే బ్యాగు కింద పెట్టకుండా అడిగింది. "ఏమండీ, నాలుగో మంచం ఎదుట ఏం పెట్టారు మీరు?"

చెప్పాను. ముక్కల సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. తిడుతుందనుకున్నాను. గోడకి ఆనుకుని, "ఆవిడ ఇవాళ గంజి అంతా తాగిందండీ. వచ్చాక మొదటిసారి" అంది.

అసలు పొద్దుతిరుగుడు ఎక్కడుందో వెతికాను. మందుల గది గోడ పక్కన, సంపెంగకని అత్తయ్య తవ్వి ఉంచిన గోతిలో. అక్కడా పాతింది నేనే.

మార్చి 4

పీకేద్దామని పలుగు పట్టుకుని వెళ్ళాను. కిటికీలోంచి టీచరుగారు కొత్త కళ్ళజోడుతో చెయ్యి ఊపారు. పలుగు వెనక దాచుకుని నేనూ ఊపాను. మింగలేను, కక్కలేను.

మార్చి 6

అత్తయ్యకి చెప్పేశాను. తేలు కుట్టిన దొంగలా నెల రోజులు తిరగడం కంటే తిట్లు నయం.

"అల్లుడుగారూ" అన్నారు. గారు వచ్చిందంటే ప్రళయమే. "అరవై మూడూ పీకారా?"

"పీకాను."

"మళ్ళీ గుచ్చారా?"

"గుచ్చాను."

"ఏ లెక్కన గుచ్చారు?"

"వరస అందంగా కనపడేట్టు."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. మోకాలు పట్టుకుని, అబ్బా అబ్బా అంటూ, కళ్ళనీళ్ళు కారేదాకా. "రాత ఎండలో ఉంటే ఏడాదికి చెరిగిపోతుంది బాబూ. మట్టిలో ఉంటే ఉంటుంది. అందుకని కిందకి పెడతాను." మళ్ళీ నవ్వారు.

అప్పుడు రెండో సంగతి చెప్పాను. ఏ మొక్క పెడితే ఎన్ని రోజులో వార్డంతా చదువుకుంటోందని, టీచరుగారు మూడేళ్ళు అని చదువుకున్నారని. నవ్వు ఆగిపోయింది.

"వాళ్ళకి తెలుసా?" అన్నారు. కాసేపయ్యాక మళ్ళీ అదే మాట. "వాళ్ళకి తెలుసా?"

మార్చి 15

అత్తయ్య నడిచే స్టాండు పట్టుకుని ఆస్పత్రికి బయల్దేరారు. ఇంకా వారం ఆగాలని డాక్టరు, మా ఆవిడ, నేను, ముగ్గురం చెప్పాం. గేటు నుంచి వార్డు దాకా నలభై నిమిషాలు పట్టింది. నాలుగో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆయాసం తీర్చుకుని, చుట్టూ తిప్పకుండా చెప్పారు.

"టీచరమ్మా, ఎదురుగా ఉన్న సంపెంగ నేను పెట్టమన్నది కాదు. మా అల్లుడు పొరపాటున పెట్టాడు."

టీచరుగారు కొత్త కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "మరి నాకు పెట్టమన్నదేంటి?"

"పొద్దుతిరుగుడు."

"ఎన్ని రోజులు?"

"అరవై."

"ఆ తరవాత?"

"ఆ తరవాత ఇంకోటి పెడదామనుకున్నాను. అదీ అరవైదే."

నేను సెలైను సీసా వైపు చూస్తూ నిలబడ్డాను. చుక్కలు లెక్కపెట్టాను.

"మీరు ఏది ఉంచమంటే అది ఉంచుతాను, పీకమంటే పీకిస్తాను" అన్నారు అత్తయ్య. "మీకు చెప్పకుండా మాత్రం ఆ మడిలో వేలు పెట్టను."

 అత్తయ్య ఇంకో పది నిమిషాలు అక్కడే కూర్చున్నారు, ఓదార్చలేదు, చెయ్యి పట్టుకోలేదు, దగ్గర కూర్చున్నారు, అంతే. నేనైతే నాలుగు అబద్ధాలు ఆడి పారిపోయి ఉండేవాణ్ణి. రెండు వారాలు ఆడాను కూడా. ఆ మనిషి ముందు నాకు చాలా చిన్నతనంగా అనిపించింది, దానితోపాటు ఎందుకో గర్వంగా కూడా ఉంది, మా అత్తయ్య అని.

మార్చి 16

టీచరుగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. గంజి ముట్టలేదు.

మార్చి 17

గోడ వైపే.

మార్చి 18

కబురు పెట్టారు. వెళ్ళాను. కిటికీ వైపు తిరిగి ఉన్నారు.

"రెండూ ఉంటాయి" అన్నారు. "సంపెంగని కదపకు. పొద్దుతిరుగుడు గింజలు దాని ముందు ఇవాళే నాటు. ఇవాళ నాటితే మే పదిహేడు. నాకు తీరిక ఉంది." కాస్త ఆగి, "ఆ రెండు వారాలు మాత్రం బాగున్నాయి అబ్బాయ్. నిన్ను తిట్టాలో లేదో ఇంకా తేల్చుకోలేదు" అన్నారు.

తరవాత, "నీ పట్టిక ఏదో గళ్ళలో కూర్చోవట్లేదని మీ అత్తగారు చెప్పారు. పట్రా చూద్దాం. నేను ముప్ఫై ఏళ్ళు అందరి తప్పులూ దిద్దినదాన్ని."

మార్చి 22

టీచరుగారు పన్నెండు గళ్ళు చూసి పెదవి విరిచారు. "బస్సు వేళలు ఎలా వేసేవాడివి?"

"చేరాల్సిన వేళ ముందు రాసుకుంటామండీ. పిల్లలు తొమ్మిదింటికి బడిలో ఉండాలంటే, అక్కణ్ణించి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చి, బయల్దేరే వేళ వేస్తాం."

"మరి ఇక్కడ బయల్దేరే చోటు నుంచి ఎందుకు మొదలుపెట్టావు?"

 పంతొమ్మిదేళ్ళు చేసిన పని! పప్పులో కాలు వెయ్యడం కాదు, పప్పులో పడుకున్నాను.

మార్చి 25

కొత్త పట్టిక. ఎడమ పక్క కిందకి పన్నెండు నెలలు. పైన అడ్డంగా రోజులు: ఇరవై అయిదు, నలభై, అరవై, తొంభై, ఆరు నెలలు, ఏడాది, మూడేళ్ళు. గడిలో రాయాల్సింది ఒకటే. ఈ నెలలో నాటితే ఇన్ని రోజులకి పూసేది ఏది?

అత్తయ్యని అడిగాను. "జూన్‌లో మనిషి వచ్చాడు, నలభై రోజులు."

ఉల్లిపాయ తరగడం ఆపకుండానే చెప్పారు. "బంతి పెట్టకు, వానకి మొగ్గ కుళ్ళుతుంది. కాశీరత్నం తీగ పాకించు, కిటికీ కమ్మీ దాకా వస్తుంది."

"డిసెంబరు, తొంభై?"

"గులాబి కొమ్మలు డిసెంబరు మొదట్లో కత్తిరించి పెట్టుకుంటే ఫిబ్రవరి నిండా పువ్వే."

"మార్చి, ఇరవై అయిదు?"

"ఇరవై అయిదుకి ఏదీ పుయ్యదు బాబూ. పుయ్యకపోతే గబగబా పెరిగేది పెట్టు. పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా కనపడాలి. చిక్కుడు పాదు పెట్టు."

ఎనభై నాలుగు గళ్ళు, రెండు సాయంత్రాల్లో నిండిపోయాయి. ఆవిడ దగ్గర అన్నీ ఉన్నాయి, నేను అడిగిన ప్రశ్నే వంకర. ఎనభై నాలుగు గళ్ళలో ఒక్కచోట కూడా ఆవిడ తడుముకోలేదు. డిపోలో ఇలాంటి మనిషి ఒక్కరుంటే యంత్రం వచ్చేది కాదు.

ఏప్రిల్ 11

మూడేళ్ళ గడి టీచరుగారు తీసుకున్నారు. సంపెంగకి మూడేళ్ళలో ముప్ఫై ఆరు నెలలు, ఏ నెల ఏ పని అన్నది ఆవిడ వేస్తారట. అత్తయ్య రోజూ మధ్యాహ్నం వెళ్ళి చెబుతారు, ఆవిడ రాస్తారు. రాయడం కంటే పోట్లాట ఎక్కువ.

"పదహారో నెలలో తల తుంచాలన్నారు. ఎందుకు?"

"పక్క కొమ్మలు రావాలి కదమ్మా."

"అది సరే. పదహారే ఎందుకు, పదిహేడు ఎందుకు కాదు?"

"పదిహేడో నెలలో వానలు మొదలవుతాయి. కోసిన చోట నీరు పడితే కుళ్ళు."

"ఊఁ. ఇది ఒప్పుకుంటాను."

డ్రైవరు మధ్యలో దూరాడు. "ఆ చెట్టుకి మూడేళ్ళు బస్సు పాసు ఇచ్చేశారు, నాకేమో ఆరు నెలలకే చేమంతి."

"నువ్వు లేచి నడిచి వెళ్ళిపోతావురా" అన్నారు అత్తయ్య. "చెట్టు వెళ్ళలేదు, అందుకని."

ఏప్రిల్ 30

డ్రైవరు ఎనిమిది అడుగులు వేశాడు. తొమ్మిదోది నా వైపు వేసి, "సంతలో ఒక్క నిమిషం కూడా లేదా?" అని నా చెవి మెలిపెట్టాడు. వార్డంతా చప్పట్లు.

మే 19

పొద్దుతిరుగుడు ఇవాళ విచ్చింది. టీచరుగారి లెక్కకి రెండు రోజులు ఆలస్యం. "తప్పు నాది కాదు, దానిదే" అన్నారు. పువ్వు మొహం సరిగ్గా నాలుగో కిటికీకి. అత్తయ్య ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు, వెళ్ళి చూడరట. "అది ఆవిడ పువ్వు. నేను వెళ్తే నాతో మాట్లాడాల్సి వస్తుంది" అన్నారు.

ఇలాంటి మాటలు ఈవిడకి ఎవరు నేర్పారు? నాకు పెళ్ళయి పదహారేళ్ళు. పదహారేళ్ళు ఈ మనిషితో ఒకే ఇంట్లో ఉండి, చెప్పుల మట్టి తప్ప ఏమీ చూడలేదు.

జూన్ 12

వానలు. టీచరుగారి రాత వంకర పోయింది. ముప్ఫై ఒకటో నెల దాకా వచ్చింది. మిగతాది నోటితో చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ముప్ఫై ఆరో నెల గడిలో ఏం రాయాలని అడిగాను.

"మొదటి పువ్వు ఎవరూ కొయ్యకూడదు" అని రాయించారు. ఒక్కసారి చదివించుకుని, కింద సున్నా చుట్టి సరి అన్నట్టు గీత పెట్టమన్నారు. పెట్టాను.

జూన్ 24

పొద్దున్న ఆరున్నరకి, నాలుగో మంచం. మా ఆవిడ పక్కనే ఉంది.

జూన్ 25

ఐదో నెల: పాదులో కలుపు తియ్యాలి, వేరు మీద వాననీరు నిలవకుండా చిన్న కాలవ తియ్యాలి.

తీశాను. అత్తయ్య పక్కన నిలబడి చూశారు. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

ఆగస్టు 31

అత్తయ్యకి చివరి రోజు. పెద్ద డాక్టరుగారు పట్టిక అందరికీ చూపించి, ఇంత తేలిగ్గా అర్థమయ్యే కాగితం ఈ ఆస్పత్రిలో ఇంకొకటి లేదన్నారు. గడ్డి మాట ఎత్తలేదు. మాట్లాడమంటే అత్తయ్య లేచి, "నీళ్ళ గొట్టం పట్టు కాస్త వదులైంది, చూసుకోండి" అని కూర్చున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళకి ఆవిడ ఉపన్యాసం అదీ.

సెప్టెంబరు 6

కాంట్రాక్టు మేస్త్రీ మంచివాడే. పట్టిక చదివాడు, అర్థం చేసుకున్నాడు. "బాగుంది సార్. కానీ మంచం మంచానికీ వెళ్ళి ఎన్ని రోజులని అడిగేదెవరు? అడిగి ఏ గడో చూసి చెప్పేదెవరు? మావాళ్ళు తవ్వమంటే తవ్వుతారు, నీళ్ళు పొయ్యమంటే పోస్తారు. ఆ అడగడం మావల్ల కాదు."

కాగితం మీద అన్నీ ఉన్నాయి, అడిగే మనిషి తప్ప. అది ఎనభై నాలుగు గళ్ళలో ఏ గడిలోనూ పట్టదు. అత్తయ్యకి చెప్పాను. కుండీ కొట్టి చూసినట్టు నన్ను ఒకసారి చూశారు.

సెప్టెంబరు 10

ఆ అడిగే పనికి నన్ను తీసుకుని ఆకుపచ్చ చొక్కా ఇచ్చారు. భుజాల దగ్గర బిగువు. మా ఆవిడ చూసి నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. తరవాత కుట్లు తనే విప్పి వదులు చేసింది.

అక్టోబరు 9

మూడున్నర నెలల్లో నాలుగో మంచం మీదకి ఇద్దరు వచ్చి వెళ్ళారు, ఇద్దరికీ పూలు పూశాయి. ఇవాళ మూడో మనిషి. కాలేజీ అమ్మాయి, సైకిలు మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. కాలు పైకి కట్టి, దానికి బరువు వేలాడదీశారు. మా ఆవిడ అంకె చెప్పింది. నలభై అయిదు.

నేను కిటికీ బయట మడి చూస్తుంటే లోపల నుంచి పిలిచింది. "అంకుల్, ఆ చెట్టు ఎప్పుడు పూస్తుంది?"

పక్క మంచం ఆవిడ అప్పటికే అంతా చెప్పేసినట్టుంది, ఈ వార్డులో ఏదీ దాగదు. నేను ఆలోచించకుండా, "ఇంకా రెండేళ్ళ నాలుగు నెలలు" అన్నాను.

పెద్దగా ఏడుపు. "అంతకాలం ఇక్కడే ఉండాలా నేను? అమ్మో, నాకు పరీక్షలున్నాయి! అంత పెద్ద దెబ్బ అని ఎవరూ చెప్పలేదే!"

టీచరుగారికి రెండు వారాలు గంజి తాగించిన చెట్టు ఈ పిల్లకి జైలైంది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి నలభై అయిదే అని చెప్పినా నమ్మదు, చెట్టే చూపిస్తుంది. నేను అత్తయ్యకి ఫోన్ చెయ్యబోయాను. ఫోన్ జేబులోంచి తీసి, మళ్ళీ జేబులోనే పెట్టాను.

అక్టోబరు వరస, నలభై గడి: ఆవాలు. నడుమెత్తు పెరుగుతాయి, మడంతా పసుపు. అమ్మాయి చూస్తుండగానే సంపెంగ ముందు నేల తవ్వి, సాళ్ళు తీసి, గుప్పెడు ఆవాలు చల్లి, మట్టి కప్పి, నీళ్ళు పోశాను. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను.

"ఇదిగో, నీది ఇది. నలభై రోజుల్లో పూస్తుంది. అయిదు రోజులు కళ్ళారా చూసుకుని ఇంటికి వెళ్ళు."

ముక్కు తుడుచుకుంది. నమ్మింది. కానీ లెక్క తేలలేదు. "మరి ఆ చెట్టు ఎవరికి?"

టీచరుగారి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఏరీ అని అడుగుతుంది తరవాత. అది ఇవాళ ఈ పిల్లకి చెప్పే మాట కాదు.

"అది నాకు" అన్నాను.

అన్నాక తెలిసింది, అబద్ధం ఆడలేదని. నెలనెలా చెయ్యాల్సిన పని టీచరుగారి రాతలో నా జేబులోనే ఉంది. ఈ నెల వేరు చుట్టూ ఎండుటాకు పరవాలి.

అమ్మాయి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "రెండేళ్ళ నాలుగు నెలలా మీకు?" అంది.

"అవునమ్మా."

పాపం అనుకుంది కాబోలు, బల్ల మీద ఉన్న బిస్కెట్ల పొట్లంలోంచి రెండు తీసి నా చేతిలో పెట్టింది. అక్కడే నిలబడి రెండూ తినేశాను.